లెక్క తప్పిన పేజీ

సంగీత పాఠశాలలో ఆమెను పిల్లలంతా పేజీలత్త అనేవారు. ఎవరికీ మేనత్త కాదు, ఎవరికీ పిల్లనిచ్చిన అత్తా కాదు. పియానో వాయించేవారి ఎడమ పక్కన, అరడుగు వెనక్కి కుర్చీ వేసుకుని కూర్చుని, సమయానికి లేచి పుస్తకంలో పేజీ తిప్పి మళ్ళీ కూర్చోవడం ఆమె పని. వినడానికి ఇంతే. ఒకసారి చేసి చూస్తే తెలుస్తుంది. క్షణం ముందు తిప్పితే వాయించేవాడి నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు, క్షణం ఆలస్యమైతే మెట్టు లేనిచోట కాలు పెట్టించినట్టు.

పొద్దున హాలు ఊడ్చేది, పియానో మీద గుడ్డ తీసి దులిపేది, పియానో మెట్లను పొడిగుడ్డతో తుడిచేది. కచేరీ ఉన్న రోజు చేతి గాజులు తీసి సంచిలో వేసుకునేది. గలగలలాడే చెయ్యి పేజీ దగ్గరికి పోకూడదని ఆమె నియమం. కొత్త పుస్తకం వచ్చిందంటే ప్రతి పేజీ పై మూలనూ చెవి మెలిపెట్టినట్టు కాస్త వంచి ఉంచేది, వేలికి ఒక్కటే అందాలని.

మొగుడు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చుని ఒక చెవి పోగొట్టుకున్నాడు కానీ నోరు మాత్రం పోగొట్టుకోలేదు.

"కాగితం తిప్పినందుకు జీతమా! ఎంత సుఖమైన ఉద్యోగమే నీది!" అనేవాడు.

"నువ్వు మాత్రం ఏం చేశావు? గుండ్రటి చక్రం తిప్పావు. నాది పల్చనిది, నీది బండది. అంతే తేడా," అనేది ఆమె.

ఇందులో ఒక రహస్యం ఉంది. పేజీలత్తకు పుస్తకంలోని స్వరాలు చదవడం రాదు. వాటిని ఆమె చుక్కలంటుంది. బడికి వెళ్ళింది రెండేళ్ళు, అదీ చెల్లెల్ని చంకనేసుకుని. అంకెలు వచ్చు, సంతకం వచ్చు. చుక్కలు మాత్రం గోడ మీద చీమల బారు చూసినట్టే.

మరి కుర్చీ ఎలా ఎక్కింది? ఆమె ఊడ్చే పనికి చేరిన కొత్తలో, కచేరీకి పేజీలు తిప్పాల్సిన విద్యార్థికి జ్వరం వచ్చింది. అప్పటి పెద్ద టీచరమ్మ చీపురు చేతిలో ఉన్న ఈమెను పిలిచి, "కూర్చో. నేను తలూపితే తిప్పు," అంది.

"నాకు అక్షరాలే సరిగ్గా రావమ్మా!"

"ఇవి అక్షరాలు కావులే, భయపడకు."

ఆరు నెలలు తల ఊపు చూసి తిప్పింది. తర్వాత ఒకరోజు టీచరమ్మే ఊపడం మానేసింది, అప్పటికే చెయ్యి పేజీ మీదికి వచ్చేస్తోందని. ఆమె చూసేది పుస్తకాన్ని కాదు, మనిషిని. పాటలో ఒక మాట పూర్తయి ఇంకో మాట మొదలయ్యే ముందు టీచరమ్మ ముక్కుతో సన్నగా ఊపిరి తీసుకునేది, ఎడమ భుజం రవ్వంత దిగేది. పేజీ చివర ఏ ఊపిరి వస్తుందో రెండుసార్లు వింటే చాలు, పేజీలత్తకు గుర్తుండిపోయేది. తర్వాత వచ్చినవాళ్ళలో ఒకాయన గుటక వేసేవాడు, ఒకావిడ కనుబొమలెత్తేది. ఎవరి ఊపిరి వారిది.

బయటివాళ్ళు మాత్రం ఈమెకు సంగీతమంతా చదవడం వచ్చనుకున్నారు. ఈమె కాదనలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం తన అలవాటు కాదంది. ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలో నిటారుగా కూర్చుంది. చీపురు పట్టిన చేతికి ఆ కుర్చీ ఎంత గౌరవమో చీపురు పట్టనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

పెద్ద టీచరమ్మకు కీళ్ళవాతం వచ్చింది. చివరి రెండేళ్ళు వేళ్ళు మాట వినలేదు. ఊపిరి అదే, భుజం అదే, చెయ్యి మాత్రం పక్క మెట్టు మీద పడేది. వినేవాళ్ళు తల వంచుకుని ఒళ్ళోకి చూసుకునేవారు. మనసుంటే చాలు, వేళ్ళెందుకు అని కబుర్లు చెప్పేవాళ్ళు ఆ రెండేళ్ళూ ఆ హాల్లో కూర్చోవలసింది. ఆవిడ మానేసింది. ఆ ఉద్యోగానికి ఒక కుర్రాయన వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, ఎన్నో పోటీల్లో గెలిచాడు. వేళ్ళు కనబడవు, గాలి కనబడుతుంది. వారం తిరక్కుండా పిల్లలు ఆయనకు కుట్టుమిషను అని పేరు పెట్టారు.

ఉద్యోగం ఖాయం కావాలంటే కమిటీ ముందు కచేరీ చెయ్యాలి. పదిహేను రోజుల ముందు ఒక కొత్త పాట చేతికిస్తారు, దాన్ని కంఠతా పట్టకుండా పుస్తకం చూసే వాయించాలి. మొదట వేగం, నడుమ నెమ్మది, చివర మళ్ళీ వేగం. ఐదు చోట్ల పేజీ తిప్పాలి. కాలితో నొక్కితే పేజీ మారే కంప్యూటరు పలక ఒకటి ఉంది ఆయన దగ్గర. కమిటీ ఒప్పుకోలేదు. దాంతో పేజీలత్త వచ్చి కూర్చుంది.

మొదటి సాధనలోనే రెండుచోట్ల ఆలస్యమైంది. ఆమె ఊపిరి కోసం చూస్తోంది, ఆయనేమో ఊపిరి తియ్యడు. భుజం కదలదు, కనుబొమ కదలదు. పాట మొదలుపెట్టింది మొదలు ముగించేదాకా ఒకటే బిగింపు.

ఆయన చేతులు తీసేశాడు. "చూస్తున్నారా అసలు?"

"చూస్తూనే ఉన్నాను మాస్టారూ," అంది. అబద్ధం కాదు. ఆయన్నే చూస్తోంది.

ఆయన వెళ్ళి ప్రిన్సిపాలుకు చెప్పాడు. ప్రిన్సిపాలు మంచివాడే గానీ పిల్లి ఎటు దూకితే అటు తలుపు తీసే రకం. ఈమెను పిలిచి, "కచేరీ రోజు ఒక్క పేజీ తప్పినా ఇక ఆ కుర్చీలో విద్యార్థి ఎవరైనా కూర్చుంటారు. నువ్వు ఊడ్చే పని చూసుకుందువుగానిలే, అత్తా," అన్నాడు.

ఆ "లే" ఉంది చూశారూ, అది పుండు మీద కారం.

మర్నాడు పొద్దున ఆమె హాలు తుడుస్తుంటే ఆయన అప్పటికే సాధనలో ఉన్నాడు. పక్కన మెట్రోనోమ్, టిక్కు టిక్కుమని తాళం వేసే పెట్టె. చేసిందే చేస్తున్నాడు. ఆమె మాపు కర్ర అటూ ఇటూ తోస్తూ, ఏమీ తోచక తోపులు లెక్కపెట్టింది. మొదటి తిప్పు, అంటే ఆయన తనే పేజీ తిప్పుకునే చోటు, వచ్చేసరికి నూట పన్నెండు. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ నూట పన్నెండు. ఇంకోసారి. నూట పన్నెండే.

మాపు కర్ర గోడకానించి బల్ల మీద కూర్చుంది. ప్రతి తిప్పు తర్వాత మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే, మధ్యాహ్నానికల్లా ఐదు అంకెలు దొరికాయి. నెమ్మది భాగంలో వచ్చే మూడో తిప్పుకు తొంభై నాలుగు. అదీ ఎన్నిసార్లు విన్నా తొంభై నాలుగే.

ఇంట్లో మొగుడు పాఠం అప్పజెప్పించుకున్నాడు.

"రెండోది?"

"నూట ముప్పై."

"నాలుగోది?"

"అరవై ఎనిమిది. నెమ్మదిగా అడుగు, పక్కింటివాళ్ళకు కూడా వచ్చేస్తుంది పాట."

తర్వాతి సాధనలో ఐదు పేజీలూ చాకుతో కోసినట్టు తిరిగాయి. కుర్రాయన "ఇప్పుడు బాగుంది" అన్నాడు. ఆమె తలూపి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని లేచిపోయింది.

"ఏమైందే? కుర్చీ నిలిచిందిగా?"

"నిలిచింది. కానీ నేను పాట వినలేదయ్యా. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, ఆ పియానో పక్కనే కూర్చుని ఒక్క ముక్క వినలేదు. అంకెలే విన్నాను."

డ్రైవరు వినబడే చెవి ఇటు తిప్పాడు. "మా డిపోలో ఒకడుండేవాడు. నిమిషం తేడా రానిచ్చేవాడు కాదు. చెయ్యెత్తి పరిగెత్తుకొచ్చేవాళ్ళను కూడా వదిలేసి పోయేవాడు. డిపోలో వాడికే మెడల్. స్టాపులో మాత్రం వాణ్ణి తిట్టనివాడు లేడు."

"వాడికి బండి నడపడం వచ్చా?"

"నాకంటే బాగా వచ్చు. అదే బాధ."

కచేరీకి రెండు రోజుల ముందు కుర్రాయనే అడిగాడు, "అంత కచ్చితంగా ఎలా కుదిరిందండీ మీకు?" అని. మెచ్చుకుంటూనే అడిగాడు. పొగడ్తకు నోరు జారడం గర్విష్టివాళ్ళకున్న జబ్బు.

"లెక్కపెట్టాను," అంది.

"ఏం లెక్క?"

"ఒకటీ రెండూ మూడూ. నేల తుడుస్తూ పట్టుకున్నాను. మీరు ఎన్నిసార్లు వాయించినా ఒకటే లెక్క మాస్టారూ. చివరికి నడుమ ఆ ఏడుపు వచ్చే చోట కూడా."

ఆయన మొహం ఎర్రబడింది. అప్పుడు అసలు సంగతి అర్థమైంది. "అంటే మీకు నోట్స్ చదవడం రాదు."

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. "రాదు."

"ముప్పై ఏళ్ళుగా!"

"ముప్పై ఏళ్ళుగా కచేరీలో ఒక్క పేజీ తప్పలేదు. అది కూడా చెప్పండి, చెప్పేటప్పుడు."

ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. వేళ్ళ కొసలు పగిలి ప్లాస్టరు చుట్టి ఉన్నాయి. "ఏడేళ్ళప్పటి నుంచి రోజుకు ఎనిమిది గంటలు. మిషను అంటారు పిల్లలు, నాకు తెలియదనుకుంటారు. ఒక్క తప్పు స్వరం చూపించమనండి!"

"మీ వేళ్ళను నేనేమీ అనను. పనిచేసే చెయ్యి నాకు తెలుసు. మా టీచరమ్మకు చివర్లో ఆ వేళ్ళుంటే ఆవిడ ఇవాళ ఇక్కడే ఉండేది." అక్కడితో ఆపవలసింది, ఆపలేదు. "కానీ గరిటెకు కూర రుచి తెలియదు బాబూ. మీరు ఊపిరి తియ్యరు. ఎవరో చెయ్యెత్తి పరిగెత్తుకొస్తున్నా ఆపరు."

"ఎవరు పరిగెత్తుకొస్తున్నారు?"

"వినేవాళ్ళు."

"కచేరీ రోజు ఒక్క పేజీ తప్పనివ్వండి. మీ సంగతి అప్పుడే అందరికీ చెబుతాను," అని ఆయన పియానో వైపు తిరిగాడు. ఆమె మాపు కర్ర తీసుకుని వచ్చేసింది. ఆ రెండు రోజులూ ఆయన తలుపు వేసుకుని సాధన చేశాడు. లోపల ఏం చేశాడో ఆమెకు తెలియదు.

కచేరీ సాయంత్రం హాలు నిండింది. ముందు వరసలో కమిటీ ముగ్గురు, ఒళ్ళో కాగితాలు. వెనక వరసలో డ్రైవరు, ఇస్త్రీ చొక్కాతో. ఆమె గాజులు తీసి సంచిలో వేసి కుర్చీలో కూర్చుంది.

మొదటి తిప్పు, నూట పన్నెండు. సరిపోయింది. రెండోది, నూట ముప్పై. సరిపోయింది. నెమ్మది భాగం మొదలైంది. ఆమె లోపల ఒకటీ రెండూ అంటూ నేల తుడిచిన నడకే నడుస్తోంది. నలభై దగ్గర ఏదో తేడా. పాట వెనకబడుతోంది. అరవై దగ్గర ఇంకా వెనకబడింది. ఎనభైకి ఆమె కుర్చీ అంచుకు జరిగింది. తొంభై. లేచి నిలబడింది. తొంభై నాలుగు. వేలు పేజీ మూల మీద ఉంది.

లెక్క ప్రకారం తిప్పాలి. తిప్పకపోతే తప్పు, తప్పితే కుర్చీ పోతుంది. తలలో అంకెలు తొంభై ఐదు, తొంభై ఆరు అని వాటంతట అవే పోతున్నాయి, ఎవరినీ ఎక్కించుకోని బస్సులాగా. ఆమె వాటిని పోనిచ్చింది. కుర్రాయన వైపు చూసింది. మెడ దగ్గర ఒక నరం కదులుతోంది. ఎడమ చెయ్యి ఒక స్వరం మీద ఆగింది, అది చల్లబడేదాకా ఉంది. పక్కన ఇంకో వేలు పొరపాటున తగిలి ఒక తప్పు స్వరం మోగింది. కమిటీలో ఒకాయన కలం ఎత్తాడు.

అప్పుడు వచ్చింది ఊపిరి. టీచరమ్మలా సన్నగా కాదు. అలవాటు లేనివాడిది కదా, నీళ్ళలోంచి తల పైకెత్తినవాడిలా గట్టిగా పీల్చాడు. పేజీ తిరిగింది. ఆమె కూర్చుంది. హాల్లో ఎవరూ దగ్గలేదు.

చివరి వేగంలో మళ్ళీ అరవై ఎనిమిది, మళ్ళీ మిగిలిన అంకె. మిషను మిషనే.

కచేరీ అయ్యాక ప్రిన్సిపాలు వచ్చి ఆయన చెయ్యి ఊపి, "పేజీలు బాగానే కుదిరాయా? లేదంటే అనుకున్నట్టు విద్యార్థిని పెడదాం," అన్నాడు.

కుర్రాయన ఆమె వైపు చూశాడు. ఆయన నోరు విప్పకముందే ఆమే అంది, "నాకు చుక్కలు చదవడం రాదండీ. ఎప్పుడూ రాదు. ఇంకొకరు చెబితే వినాల్సిన ఖర్మ నాకెందుకు, నేనే చెబుతున్నాను."

ప్రిన్సిపాలు తెల్లబోయాడు. "ఏమిటిది మాస్టారూ? మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు ఆయన. "ఆ కుర్చీలో ఆవిడే కూర్చుంటారు. చదివేవాళ్ళెవరైనా చివరి స్వరం చూడగానే ఇవాళ మూడో పేజీ ముందే తిప్పేసేవారు. అంతసేపు ఆగుతానని నాకే తెలియదు."

ఉద్యోగం ఖాయమైంది. తప్పు స్వరం సంగతి కాగితం మీద రాశారని, అయినా ముగ్గురూ సంతకాలు పెట్టారని తర్వాత తెలిసింది.

ఇది జరిగి ఆరేళ్ళు. పేజీలత్త ఇంకా కూర్చుంటోంది, మోకాళ్ళు మాత్రం లేచేటప్పుడు చప్పుడు చేస్తున్నాయి, వాటిని గాజుల్లా తీసి సంచిలో వేసుకునే వీల్లేక. ఆ కుర్రాయన పూర్తిగా మారిపోయాడని చెబితే నమ్మకండి. వేగం పాటల్లో ఇప్పటికీ ఆమె లోపల లెక్క పెట్టుకుంటూనే ఉంటుంది. కచేరీ అయ్యాక అందరూ పొగిడి వెళ్ళిపోయేదాకా ఆయన ఆగి, పియానో మీద గుడ్డ కప్పుతున్న ఆమె దగ్గరికి వచ్చి అడుగుతాడు.

"అత్తా, ఇవాళ లెక్క ఎంతదాకా వచ్చింది?"

చాలాసార్లు "చివరిదాకా వచ్చింది మాస్టారూ" అంటుంది, మొహమాటం లేకుండా. ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతాడు. ఎప్పుడో ఒకసారి మాత్రం గుడ్డ అంచులు సర్దుతూ, తలెత్తకుండా చెబుతుంది.

"ముప్పై ఒకటి దగ్గర పోయింది. మళ్ళీ దొరకలేదు."