బోర్డుకు నాలుగు మూలలా పసుపు

వస్తుంది బిడ్డా, ఆ వాసన ఇప్పటికీ వస్తుంది. పడమటి గాలి తిరిగిన రోజున ఎక్కువ, వాన వెలిసిన మర్నాడు ఇంకా ఎక్కువ. కుళ్లిన గుడ్డు వాసనా అని అడిగావు. కాదు. కొంచెం తియ్యగా ఉంటుంది, పండు మరీ మాగినట్టు. మొదట్లో ఆ తీపికే నాకు భయం వేసేది. తర్వాత అలవాటైపోయింది.

మొన్న మీ అక్కాతమ్ముళ్లిద్దరూ ఫోన్‌లో నన్ను ఆటపట్టించారు. మన ఇంటి గ్రూపులో ఒక ముక్క రాయాలన్నా, "ఇది ఎవరెవరు చదువుతారు?" అని అడుగుతానట. పుట్టినరోజు శుభాకాంక్షలకు కూడా ఇంత విచారణ ఎందుకు నానమ్మా అని నవ్వారు. అప్పుడు నేనూ నవ్వేసి ఊరుకున్నాను. అలా ఎందుకు అడుగుతానో మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు. మీరు అంత దూరాన ఉన్నారు కాబట్టి చెప్పడం కొంచెం తేలికగా ఉంది.

మీరు చిన్నప్పుడు చూసిన పశువుల కొట్టం ఇప్పుడు లేదు. పొలం సగానికి పైగా ఫ్యాక్టరీల కిందికి పోయాక, కొట్టం తీసేసి ఆ చోట ఆరు గదులు కట్టి కిరాయికి ఇచ్చాం. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఉంటారు. గదుల వెనక చేత్తో కొట్టే పంపు ఉంది. మేము దాన్ని బోరింగు అంటాం. మీ తాత వేయించింది. ఒకప్పుడు వాడంతా ఆ నీళ్లే తాగింది.

ఆ నీళ్లు ఎప్పుడు చెడిపోయాయో చెప్పలేను. ఒక ఏడాది అన్నం పసుపుపచ్చగా ఉడికింది. ఇంకో ఏడాది బర్రె బొక్కెనలో మూతి పెట్టి, తాగకుండా తల తిప్పుకుంది. నీళ్లు కాసేపు నిలవ ఉంచితే పైన రంగురంగుల తెట్టు కట్టేది, గాలిలో వచ్చే ఆ తియ్యటి వాసనే వాటికీ పట్టింది. మా వాడలో ఎవరూ ఎవరికీ తాగొద్దని చెప్పలేదు. ఎవరికి వారు మానేశారు. తాగడానికి మంజీరా నది నీళ్లొచ్చే నల్లా, అది రాని రోజున ఆటోలో వచ్చే నీళ్ల క్యాను. బోరింగు మాత్రం గిన్నెలకూ బట్టలకూ మిగిలింది.

తర్వాత ఒకరోజు నీళ్లు పరీక్ష చేసే ఆఫీసువాళ్లు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. ఆ పరీక్షలో ఏం తేలిందో రాసిన కాగితం మా దాకా రాలేదు. నెల తర్వాత పంచాయతీలో పనిచేసే అతను మోటారుసైకిలు మీద వచ్చాడు.

"పెద్దమ్మా, మీ బోరింగుకు బోర్డు పెట్టాలంట. తాగొద్దని రాయాలె."

"రాసెటోడు ఏడి?"

"పెయింటరు ఎలక్షన్ల గోడలు రాస్తున్నడు, పదిహేను దినాల దాక దొరకడు. సార్లు రేపే ఒచ్చి ఫోటో తీస్కపోతరంట. నీ దస్తూరి మంచిగుంటది గదా, నువ్వే రాయరాదు?"

"గంత కష్టమెందుకు, హ్యాండిలే పీకెయ్యరాదు?"

"పీకేస్తె గిన్నెలు దేనితోని తోముతరు? ఆరు గదులోళ్లు నీ మీదికే ఒస్తరు, సూడు మరి."

అదీ నిజమే అన్నాను. ఆ రెండు మాటలు అన్నందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

నేను ఏడో తరగతి దాకా చదివాను. వాడలో పెళ్లి పత్రికల మీద పేర్లు రాయాలన్నా, ఆఫీసుకు దరఖాస్తు రాయాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. నూనె డబ్బా రేకు సాపు చేసి, తలుపులకు వేయగా మిగిలిన ఎర్ర రంగుతో రాశాను. "ఈ నీళ్లు తాగరాదు. గిన్నెలకు, బట్టలకు మాత్రమే వాడుకోవలెను." ఒక్క అక్షరం వంకర పోలేదు.

రాశాక ఆ రేకు వైపు చూస్తే నా మనసు ఒప్పుకోలేదు. మా ఇంట్లో ఏ కాగితమూ బోసి మూలలతో బయటికి పోయేది కాదు. మూలలకు పసుపు లేని ఉత్తరం వస్తే, విప్పకముందే మా అత్తగారు ఏడుపు మొదలుపెట్టేది, అది చావు కబురని. ఎర్రటి అక్షరాలతో "తాగరాదు" అని, మూలలు బోసిగా, నా పెరట్లో రోజూ వేలాడుతుందా? నా ఇంటి మీదికి కీడు పిలిచినట్టు అనిపించింది. నాలుగు మూలలకూ పసుపు పూశాను. అక్షరాల పైన మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాను. అప్పుడు మనసు నెమ్మదించింది.

మర్నాడు ఆఫీసువాళ్లు వచ్చి ఫోటో తీసుకున్నారు. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయని వాళ్లలో ఒకాయన అన్నాడు. ఆ రోజంతా నేను గాల్లో నడిచాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాశాక, వేళ్లకు మిగిలింది బోర్డు మూలలకు కూడా అద్దేదాన్ని. ఎండకు వెలిసిపోకుండా ఉంటుందని.

దసరా పోయిన వారంలో నాలుగో గదిలోకి కొత్త జంట వచ్చారు. అతనిది మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఆమెకు ఇరవై ఏళ్లు ఉంటాయేమో. అప్పటికే కడుపు తెలుస్తోంది. ఏ రాష్ట్రమని నేను అడగలేదు. ఉత్తరాది నుంచి వచ్చిన వాళ్లందరినీ మేము హిందీవాళ్లు అంటాం, అంతటితో సరి. ఆమెను వెంటబెట్టుకుని అన్నీ చూపించాను. నల్లా, స్నానాల గది, బట్టలారేసే తీగ. బోరింగు దగ్గర వేలితో బోర్డు చూపించాను. ఆమె తలమీద కొంగు సర్దుకుని రెండు చేతులూ జోడించింది.

నాకు దండం పెడుతోంది అనుకున్నాను. మంచి పిల్ల అనుకున్నాను.

కొన్నాళ్లకు బోరింగు మొదలు దగ్గర మందార పూలు కనబడసాగాయి. ఒకరోజు ఊదుబత్తి. ఎదురింట్లో ఒకామె ఉంది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేసి చేసి హిందీ నేర్చింది. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆమె వచ్చి నవ్వింది.

"అక్కా, నీ బోరింగుకు పూజలైతున్నయి సూసినవా? ఇగ హుండి పెట్టు. కిరాయిలతోని పనే లేదు నీకు."

"ఊకోయే. భక్తి ఉన్న పిల్ల. పొద్దున్నే తానం జేసి పూలు పెడుతది. నీ కోడలు ఎన్నడన్న పెట్టిందా?"

"నా కోడలికి ఫోనే దేవుడు. పొద్దున లేస్తె దానికే మొక్కుతది."

ఇద్దరం నవ్వుకున్నాం. బోరింగుకు పూలెందుకని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. నీళ్లు కనిపిస్తే వాళ్లకు గంగమ్మే కదా అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

చలి దిగే నాటికి ఆ పిల్ల చిక్కిపోయింది. కడుపు పెరుగుతోంది గానీ చేతులు పుల్లల్లా అయ్యాయి. ఉల్టీలు, అంటే వాంతులు, అవుతున్నాయని ఆమె భర్త చేత్తో చూపించి చెప్పాడు. కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే అని నిమ్మకాయ తొక్కు పచ్చడి పంపాను. పెదవులు తెల్లగా పాలిపోతున్నాయని చూశాను. చూసి, రక్తం తక్కువ అనుకున్నాను. ఏది చూసినా నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆమెకు జొన్నరొట్టె ఇద్దామని వెళ్లాను. భర్త షిఫ్టులో ఉన్నాడు. ఆమె చాప మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది. గోడకు అమ్మవారి పటం, దాని ముందు చిన్న రాగి చెంబు, చెంబు మీద ఆకు. నేను వచ్చిన సంతోషంలో ఆ చెంబు తీసి అరచేతిలో కొంచెం నీళ్లు పోసుకుంది, కళ్లకద్దుకుని తాగింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నా అరచేతిలో కూడా పోసింది. ప్రసాదం ఇచ్చినట్టు.

చెయ్యి మూతి దాకా వచ్చాక వాసన తగిలింది. అదే, మాగిన పండు.

నీళ్లు విదిలించి కొట్టాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నేను గుమ్మంలోకి వచ్చి ఎదురింటామెను కేకేశాను.

"జల్దీ రా! గివి ఏడి నీళ్లో అడుగు."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి హిందీలో అడిగింది. "మాతా కా పానీ" అంది ఆ పిల్ల, ఇంకా ఏవేవో చెప్పింది. వింటున్నకొద్దీ ఎదురింటామె ముఖంలో నవ్వు పోయింది.

"అక్కా, అమ్మవారి నీళ్లంట. రోజు పొద్దున ఏం తినకముందే తాగుతదంట. కడుపుల బిడ్డ సల్లగుండాలని."

"ఏ అమ్మవారే?"

"బోరింగు కాడ నువ్వు పెట్టిన అమ్మవారు. శుక్కురారం శుక్కురారం పసుపు పెడుతవు గదా, సూసిందంట. మీద రాసింది మంత్రమనుకున్నదంట."

"ఎన్ని దినాలసంది తాగుతుందంట?"

"ఒచ్చిన దినంసంది." ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పలేదా అక్కా?"

"బోర్డు చూపిచ్చిన గదనే!"

"బోర్డు తెలుగుల ఉండె గదా."

"నీకు హిందీ ఒస్తది గదా, నువ్వన్న చెప్పకపోతివి. పూలు సూసి నాతోని నవ్వితివి."

ఆ పిల్ల మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది, ఏం తప్పు చేశానా అని.

ఆ బోర్డు నేను ఎవరి కోసం రాశానో అప్పుడు తెలిసింది. తెలుగు చదవగలిగినవాళ్ల కోసం. పసుపు మూలలంటే కీడు తగలకుండా పెట్టిన పసుపేనని తెలిసినవాళ్ల కోసం. బర్రె తల తిప్పుకున్న రోజున ఇక్కడ ఉన్నవాళ్ల కోసం. అంటే మా వాడవాళ్ల కోసమే. మా వాడలో ఆ నీళ్లు తాగేవాళ్లు ఎవరూ లేరు. తాగే ప్రమాదం ఉన్న మనిషి బోర్డు ముందుకు వస్తే ఆమెకు కనిపించేది ఏమిటి? పసుపు, కుంకుమ, ఎర్రటి గీతలు, శుక్రవారం నాడు అద్దే ఒక ముసలి చెయ్యి.

ఆటో పిలిచి ముగ్గురం సంగారెడ్డి పెద్ద దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ అన్నీ విన్నది. "ఆ నీళ్లల్ల ఏమున్నదో రిపోర్టు ఉందా?" అని అడిగింది. లేదన్నాను. "ఏమున్నదో తెలువకుంటె నేనేం చెప్పాలమ్మా?" అంది. కసిరినట్టు కాదు, అలసిపోయి అంది. కడుపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసింది. బిడ్డ కదులుతోందా అని అడిగించింది. నిన్న కదిలింది, ఇవాళ తెలియడం లేదు అని ఆ పిల్ల చెప్పింది. రక్తం తీసుకున్నారు. స్కానింగుకు మర్నాడు రమ్మన్నారు.

"ఈ రాత్రి కదలికలు చూసుకొమ్మను. కదలకపోతె పొద్దున్నే తీస్కరా, ఆలస్యం చెయ్యకు" అని డాక్టరమ్మ నాకే చెప్పింది. ఇంటి పెద్ద నేనేనని ఆమె అనుకుంది.

తిరిగొచ్చాక పొద్దు ఇంకా ఉంది. బోర్డు విప్పి చింతపండుతో పసుపంతా తోమాను. వెనకవైపు నీళ్ల గ్లాసు బొమ్మ వేసి, దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాను. ఈసారి తగిలించకముందే, షిఫ్టు దిగి వస్తున్న ఒకతన్ని ఆపి చూపించాను. కాసేపు చూసి తలూపాడు.

"గ్లాస్ మనా హై. హాత్ సే పీనా హై."

ఎదురింటామె నా వైపు చూసింది. "గ్లాసు పెట్టొద్దంట అక్కా, చేతితోని తాగాలంట."

ఇంకేమీ గీయలేదు. మెకానిక్కును పిలిపించి హ్యాండిలు పీకించేశాను. ఆరు గదుల వాళ్లూ నల్లా నీళ్లతోనే సర్దుకున్నారు. ఒక్కరు కూడా నా మీదికి రాలేదు.

ఆ సాయంత్రం ఎదురింటామె దగ్గర మూడు మాటలు నేర్చుకున్నాను. మర్నాడు పొద్దున ఆమె డ్యూటీకి పోతుంది, హిందీలో అడగడానికి నాకు ఎవరూ ఉండరు. పది పదిహేను సార్లు అని చూసుకున్నాను. "బచ్చా హిలా క్యా?" బిడ్డ కదిలిందా అని అర్థం.

పొద్దున ఏడు కాకముందే నాలుగో గది దగ్గరికి వెళ్లాను. గొళ్లెం బయటినుంచి వేసి తాళం పెట్టి ఉంది. తాళంచెవి కిటికీలో పెట్టారు. కిటికీలోంచి చూస్తే చాప లేదు, పటం లేదు. ఎదురింటామె డ్యూటీకి బయలుదేరుతూ నన్ను చూసి ఆగింది.

"సీకటి ఉండంగనే పోయిన్రక్కా. వాళ్ల ఊరోళ్లు ఎవరో పోతున్నరంట, వాళ్లతోని రైలెక్కుతమని ఆయన చెప్పిండు. ఇగ ఈడ ఉండం అన్నడు."

"ఆ పిల్ల ఎట్లున్నది?"

"కొంగు మొత్తం ముఖం మీదికి గుంజుకున్నది. నాకు కానరాలె."

"నువ్వు అడగలేదా?"

"అడిగిన. ఆమె పలుకలె. ఆయనేమో ఆటో తొందరల ఉన్నడు."

వాళ్లిచ్చిన నంబరుకు ఆ రోజంతా చేశాను. మొదట మోగి మోగి ఆగేది. వారం తర్వాత ఆ నంబరే లేదని చెప్పసాగింది. అతన్ని పనిలో పెట్టిన కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లి అడిగితే, "గసోంటోళ్లు నెలకు నలభై మంది ఒస్తరు, పోతరు అమ్మా. ఎవడని చెప్పాలె?" అన్నాడు. దవాఖానలో రక్తం కాగితం ఇచ్చారు. చదువుకున్న వాళ్లకు చూపించాను. రక్తం చాలా తక్కువ ఉందని మాత్రం దానిలో ఉందట. కడుపులోని బిడ్డ గురించి ఆ కాగితంలో ఏమీ లేదు.

ఇది జరిగి రెండు వానాకాలాలు గడిచాయి. నాలుగో గదిలో వేరేవాళ్లు ఉంటున్నారు. వాళ్లు దిగిన రోజునే ఎదురింటామెను తోడు తీసుకుని వెళ్లి, నీళ్ల సంగతి నోటితో చెప్పించాను. మళ్లీ వాళ్ల నోటితో నాకు చెప్పించుకున్నాను.

ఆ పిల్ల ఎక్కడుందో, ఏ ఊరిదో, ఆ ఊరికి ఏ రైలు పోతుందో నాకు తెలియదు. తెలుసుకోవలసినప్పుడు నేను అడగలేదు. ఇప్పుడు ఎదురుపడితే నేను క్షమించమని అనను, ఏ నీళ్లు, ఎందుకు అని కూడా చెప్పను. ముందు ఆ ఒక్కటే అడుగుతాను. ఆ పొద్దున తాళం ముందు నిలబడి, లోపల ఎవరూ లేరని తెలిసీ, పైకి అడిగింది అదే.

బచ్చా హిలా క్యా? కదిలిందా బిడ్డా?