ముందు నడిచిన నిదానమ్మ

ఆ అమ్మాయి అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. ఇంటిల్లిపాదికీ ఆమె నిదానమ్మే. జడ వేసుకోవడానికి కూర్చుంటే ముప్పావుగంట, అన్నానికి కూర్చుంటే గంట. తండ్రేమో బస్సు డ్రైవరు, నిమిషం ఆలస్యమైతే నిప్పు తొక్కిన కోతి అయ్యే మనిషి. ఒకరోజు కూతురు తన బస్సు వెనకాలే పరుగెత్తుకొస్తుంటే అద్దంలో చూసి కూడా ఆపలేదు మహానుభావుడు! పాపం అనిపిస్తుంది గానీ, తప్పు పిల్లదే లెండి.

అలాంటి పిల్ల బాగా చదివి, ఏడాదిపాటు విదేశీ కాలేజీలో చదువుకునే అవకాశం కొట్టేసింది. అక్కడి విద్యార్థులు తొమ్మిదిమంది కొండ ఎక్కడానికి బయల్దేరితే తనూ పేరిచ్చింది. నాలుగువేల మీటర్ల పైచిలుకు కొండ. ఎవరూ వద్దనలేదు, ఈమెను తెలిసినవాళ్లు అక్కడెవరున్నారు గనక!

గైడు అరవై దాటిన ఆవిడ. అందరి బూట్లూ తిరగేసి చూసింది, మెట్లమీద రెండుసార్లు ఎక్కించి దింపింది. తర్వాత షరతులు చెప్పింది. గైడు ఒక్కతే కాబట్టి ఎక్కితే అందరూ, దిగితే అందరూ. పన్నెండు కొట్టేసరికి ఎక్కడుంటే అక్కణ్ణించే వెనక్కి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి, వాళ్లను ఎవరూ దాటకూడదు. చెప్పి, నిదానమ్మను చెయ్యి పట్టుకుని ముందు నిలబెట్టింది. కాలేజీ పరుగుపందేల్లో కప్పులు కొట్టినవాడు తల పట్టుకున్నాడు.

తెల్లవారగానే నడక మొదలైంది. గైడు పక్కనే నడుస్తోంది. వెనక తొమ్మిది జతల బూట్ల చప్పుడు వింటుంటే నిదానమ్మకు ప్రాణం చచ్చిపోయింది. సిగ్గుతో అడుగు పెంచింది. గంటన్నరకే కణతలు అదిరాయి, కళ్లు తిరిగాయి, తిన్నదంతా కక్కేసింది. అరగంటలో తేరుకోకపోతే అందరం దిగిపోదామంది గైడు. తన మూలంగా ఇంతమంది ఆశ మట్టిపాలవుతుందని ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ నీళ్లు తాగించి, మొహం తుడిచింది.

"ఇందాకట్నుంచీ నువ్వు వాళ్ల నడక నడుస్తున్నావు. నీ నడక నువ్వు నడువు. తిట్టుకునేవాళ్లు తిట్టుకుంటారు."

లేచింది. ఒక ఊపిరి, ఒక అడుగు. ఇంట్లో వీధి గుమ్మం దాకా వెళ్లే నడకే. మొదట వెనకాల సణిగారు. ఎత్తు పెరిగేకొద్దీ సణగడానికి ఎవరికీ ఊపిరి మిగల్లేదు. ఆమె మాత్రం ఎక్కడా ఆగలేదు. పదకొండున్నరకు మంచు వాలు చేరారు. శిఖరం కనిపిస్తోంది, గడియారమూ కనిపిస్తోంది.

"కొంచెం వేగం పెంచు, ప్లీజ్," అన్నాడు పరుగులవాడు.

పుట్టినప్పట్నుంచీ ఆలస్యానికి క్షమాపణలు చెప్పుకుంటూ బతికిన పిల్ల, ఈసారి వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చింది.

"పెంచితే పడిపోతాను. నేను పడిపోతే అందరం దిగాలి. ఇలాగే వెళదాం."

పన్నెండుకు ఎనిమిది నిమిషాలుండగా శిఖరం మీద మొదటి బూటు పడింది. అది నిదానమ్మది! వెనకే అందరూ వచ్చి ఆమెను ఎత్తేశారు. జన్మలో ఎక్కడికీ ముందు చేరని పిల్ల, ఆనందం పట్టలేక భోరుమంది.

దిగే వేళకి పరుగులవాడు దగ్గరికొచ్చాడు. వాడి మాటలో వెటకారం లేదు.

"ఇంతకుముందు రెండుసార్లొచ్చాను. రెండుసార్లూ పరుగులు పెట్టి సగంలోనే దిగిపోయాను. ఇప్పుడూ నువ్వే ముందు నడువు."

నిదానమ్మ తలూపి, సంచి పట్టీలు ఒక్కొక్కటే బిగించుకోవడం మొదలుపెట్టింది. గైడుతో సహా అందరూ నిలబడి ఎదురుచూశారు.