ధ్రువుడు కనబడని లేఖ

సముద్రాన్ని నేను చూడలేదు. ఈ మాట ముందే చెప్పుకోవడం న్యాయం. ఇక్కడ రాయబోయేదంతా ఓడల దారిని గురించినది కనుక. సిద్దిపేటలో పుట్టి, అక్కడే సొంతంగా ఖాన్గీ బడి నడుపుకుంటూ, పగలు పిల్లలకు అక్షరాలూ, కార్తికమాసపు సాయంకాలాల్లో పెద్దలకు పురాణమూ చెప్పుకుని బతికినవాణ్ణి. సముద్రవర్ణన పద్యాలు నాకు చాలా కంఠస్థంగా ఉండేవి. వాటిలో తరంగాలున్నాయి, మకరాలున్నాయి, బడబాగ్ని ఉన్నది. నట్టనడి నీళ్ళలో ఉన్నవాడికి తానెక్కడ ఉన్నదీ ఎలా తెలుస్తుందన్న సంగతి మాత్రం లేదు. అది నాకు నేర్పినవాడు ఒకప్పుడు నా బడిలో ఓనమాలు దిద్దిన సాలెయింటి వాడు.

మగ్గం మీద బతుకు సాగక అతడు బొంబాయి మిల్లుకు పోయాడు. మిల్లు నుంచి రేవుకు, రేవు నుంచి సరుకుల ఓడకు చేరి ఖలాసీ అయ్యాడు. తాళ్ళు లాగీ ఓడ కడిగీ, కొన్నేళ్ళకు చుక్కాని పట్టే పనికి ఎదిగాడు. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒకసారి నెల సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఇంట్లో అతని తల్లీ భార్యా ఉండేవారు. నేను వాళ్ళకు రెండిళ్ళ అవతల వాణ్ణి. ఆ నెలంతా పొద్దుగుంకే వేళకు వాళ్ళ అరుగు మీదికి చేరి, శిష్యుడి దగ్గర శిష్యరికం చేశాను.

“అయ్యగారూ, పూర్తిగా చీకటి పడనియ్యొద్దు,” అన్నాడు మొదటి రోజు. “చీకటైతే నీళ్ళు ఏడ అయిపోతున్నయో, ఆకాశం ఏడ మొదలైతున్నదో కనవడది. ఎలుగుంటే సుక్క కనవడది. రెండూ కనవడేది గీ కొంచెం సేపే. గిప్పుడే కొలవాలె.”

ఎదుటి ఇండ్ల కప్పులు అడ్డం వస్తున్నందువల్ల దిగంతాన్ని అంచనా మీద తీసుకున్నాడు. చేయి బారజాపి, వేళ్ళను అడ్డంగా చేర్చి పట్టి, దాని మీద రెండో చేయి పేర్చి, ధ్రువనక్షత్రం దాకా లెక్కపెట్టాడు. తొమ్మిది వేళ్ళు వచ్చాయి. దొరల దగ్గర ఈ పనికి అద్దాలు బిగించిన ఇత్తడి యంత్రం ఉంటుందట. ఖలాసీల మీది పెద్ద అయిన ముసలి సరంగుకు మాత్రం వేళ్ళే యంత్రమట.

“ఈడ తొమ్మిది. ఉత్తరానికి పోతుంటే వేళ్ళు పెరుగుతయి. దక్షిణానికి పోతుంటే తగ్గుతయి. గంతే.”

ధ్రువుని ఎత్తే అక్షాంశమన్న సూత్రాన్ని నేను జ్యోతిషంలో ఎప్పుడో వల్లించాను. వల్లించినవాడికి తొమ్మిది వేళ్ళని తెలియలేదు. ఆ సాయంత్రం నా చేయి చాచి నేనూ కొలిచాను. వణుకు వల్ల నాకు ఒకసారి ఎనిమిది, ఒకసారి పది వచ్చింది. అరుగు ముందునుంచి పోతున్న ఒక వ్యాపారి ఆగి చూసి, “పంతులూ, కోమటిచెరువుల మోకాటి లోతుకు దిగనోనివి, సముద్రం ఈతకొడ్తున్నవా?” అని నవ్వుకుంటూ పోయాడు.

తక్కిన సంగతులు ఒక్కొక్క రోజు ఒక్కొక్కటి చెప్పాడు. తాడుకు సమదూరంలో ముడులు వేసి, కొసకు చెక్క కట్టి ఓడ వెనక్కు విసురుతారు. ఇసుక గడియారం కారేలోగా చేతిలోంచి జారిన ముడులే ఓడ వేగం. వేగమూ, సూదిముల్లు చూపే దిక్కూ, గడచిన కాలమూ తెలిస్తే, మబ్బు పట్టిన రోజున కూడా పటం మీద చుక్క పెడతారు. గాలీ నీటివాలూ ఓడను పక్కకు తోసినంత మేరకు ఆ చుక్క అబద్ధమవుతుంది. తీరం దగ్గరపడితే సీసపు గుండుకు అడుగున కొవ్వు పూసి నీళ్ళలోకి దించుతారు. లోతు తాడు చెబుతుంది. అడుగున ఇసుక ఉన్నదో బురద ఉన్నదో కొవ్వుకు అంటుకుని వచ్చినది చెబుతుంది.

ఇదంతా గడపలో రాట్నం ముందు కూర్చుని, నూలు కండెలు చుట్టుకుంటూ అతని భార్య వింటూ ఉండేది. ఒకనాడు రాట్నం ఆపి అడిగింది.

“మీదికి పోతె పెరుగుతయి, కిందికి పోతె తగ్గుతయి. మరి పక్కకు పోతె?”

అతడు నవ్వాడు. “చూసిన్రా అయ్యగారూ, నెల రోజుల సంది మీరు అడగని మాట! పక్కకు పోతె సుక్క చెప్పది. దానికి గడియారం కావాలె. ఒక ఊరి పొద్దు చూపే గడియారం ఓడల ఉంటది. మా నెత్తి మీదికి పొద్దొచ్చినప్పుడు అందుల ఎంతైందో చూస్తరు. గా తేడాతోని ఎంత పక్కకు పోయినమో లెక్క కడ్తరు. గది కప్తాను గదిల ఉంటది. మాసొంటోళ్ళకు చూపరు.”

“చూపకుంటె మానె. వేళ్ళైతె నీయే గదా. నువ్వు ఏడున్నవో రాస్తె కాయితం మీద నల్లసిరా పూస్తున్రు. వేళ్ళు ఎన్నో రాయి. అయ్యగారు చెప్తరు.”

యుద్ధకాలపు తనిఖీవాళ్ళు ఊళ్ళ పేర్లు చెరిపేవారు కాని, నక్షత్రాల జోలికి ఎవరు వస్తారు? ఆ ఏర్పాటు ఆమెదే. అతడు సెలవు ముగిసి వెళ్ళిపోయాడు.

మొదటి ఉత్తరంలో పన్నెండు వేళ్ళు. కరాచీ తట్టు అయి ఉండాలన్నాను. రెండోదానిలో ఆరు. బడిలోని పాత పటం తెచ్చి వాళ్ళ గచ్చు మీద పరచి, నూలుపోగు అడ్డంగా లాగి పట్టాను. ఆ పోగు కింద మద్రాసు ఉన్నది. ఆ పోగు కిందనే, సముద్రానికి అవతల, అరబ్బుల ఏడెనూ ఉన్నది.

“ఇటా, అటా?” అన్నది ఆమె. జపాను బాంబులు పడుతున్నది ఏ పక్కనో ఊరంతా చెప్పుకుంటున్న రోజులు.

“ఆ పోగు మీద ఎక్కడో ఉన్నాడు బిడ్డా. అంతవరకే తెలుస్తుంది.”

“పోగు పటం దాటి కూడ పోతది గద అయ్యగారూ,” అని, పోగును తానే చుట్టి కండెకు పెట్టుకున్నది.

మూడో ఉత్తరం ఎండకాలంలో వచ్చింది. రాసి రెండున్నర నెలలయింది. తల్లీ కోడలూ ఎదుట కూర్చున్నారు. ఉత్తరాన్ని ముందుగా ఒకసారి కంటితో చదువుకుని, తరువాత పైకి చదవాలన్న జాగ్రత్త నాకు లేకపోయింది. చదువుతూ పోయాను. క్షేమం, తిండి, ఎండ, మిత్రుడి జ్వరం. ఆ తరువాత: “నెల రోజులాయె, ధ్రువుడు కనబడుట లేదు. ఎంత వెతికినా లేడు.”

నేను లోలోపల సంతోషించాను. భూమధ్యరేఖను దాటాడన్నమాట! సిద్ధాంతులు భూమధ్యరేఖ మీద ఉంచిన లంకలో ధ్రువుడు దిగంతాన్ని తాకుతాడన్నారు. నా బడిపిల్లవాడు దాన్ని కళ్ళతో చూశాడు. తల ఎత్తి చూసేసరికి ముసలామె ముఖంలో నెత్తురు లేదు.

“అయ్యగారూ, సుక్క కనవడకుంటె ఆర్నెల్లే గదా!”

ఆ మాట ఆమెకు చెప్పినవాణ్ణి నేనే. అంతకుముందటి కార్తికంలో పురాణం చెబుతూ, ఆయువు తీరవచ్చినవాడికి అరుంధతీ ధ్రువుడూ కనబడరనీ, ఆరు నెలలకు మించి బతకడనీ వివరించి చెప్పాను. వినేవాళ్ళు నిశ్శబ్దంగా ఉంటే ఆ నిశ్శబ్దాన్ని నా వాక్చాతుర్యానికి మెప్పుగా తీసుకున్నాను.

“అది వేరమ్మా! అది ఇక్కడ నిలబడి చూసేవాళ్ళకు. అతడు దక్షిణంగా, లంకకు కూడా అవతలికి పోయాడు, అందువల్ల...”

“దక్షిణానికా!” ముసలామె రెండు చేతులతో రొమ్ము బాదుకున్నది. “యముని దిక్కుకు పోయిండట! ఇంకేమున్నది నా ఇంట్ల!”

నేను చెప్పిన ప్రతి మాటా ఆమెకు కొత్త గుండెకోతే అయింది. లంకకు అవతల రాక్షసులుంటారు. భూమి గుండ్రమంటే కొడుకు దాని కింది పక్కకు జారిపోయాడన్నమాట. ఏడుపు విని ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చారు. వాళ్ళందరూ నా పురాణం విన్నవాళ్ళే. అందరూ నాకు నా వాక్యాలనే అప్పజెప్పారు, ఒక్క పదం పొల్లుపోకుండా. వాళ్ళ జ్ఞాపకశక్తి ముందు నా గణితం నిలబడలేదు.

కోడలు ఏడవలేదు. జనం వెళ్ళాక, “ఆర్నెల్లల్ల మూడున్నర పోయినయి,” అన్నది నెమ్మదిగా. “మీరు చెప్పేది నాకు సూపున్రి.”

గోడగూట్లో దీపం ఉన్నది. ఇత్తడి బిందె తెమ్మని, దాన్ని గచ్చు మీద బోర్లించి, ఒక శనగగింజను దీపం వైపు బిందె పొట్టకు ఆనించి పట్టుకోమన్నాను. “ఇది ఓడ. దీపం ధ్రువుడు. ఇప్పుడు గింజను పొట్ట చుట్టూ కొంచెం కొంచెంగా జరుపు.” ఆమె జరిపింది. కొంతదూరం గింజ మీద వెలుతురు ఉన్నది. పొట్ట మలుపు దాటగానే గింజ నీడలోకి పోయింది. వెనక్కు జరిపింది, వెలుతురు పడింది. మళ్ళీ ముందుకు జరిపింది. అలా ఎన్నిసార్లు చేసిందో.

“దీపం ఆరలే,” అన్నది.

“ఆరలేదు.”

“గింజకూ ఏం కాలే. నడుమ బిందె అడ్డమొచ్చింది. గంతే గదా!” ఆ రోజు మొదటిసారి ఆమె గట్టిగా ఊపిరి పీల్చడం విన్నాను. ఇన్నేళ్ళ బడిలో ఒక పాఠం అంత సూటిగా ఒకరి లోపలికి వెళ్ళడం నేను చూడలేదు.

ముసలామె బిందె వైపు చూడనే లేదు. అన్నం మానేసింది. మూడో రోజుకు లేచి కూర్చోలేకపోయింది. కుల పెద్దలు ఇద్దరు నా దగ్గరికి వచ్చి, మృత్యుంజయ జపం చేయాలన్నారు, నలభై రోజులు, నేనే చేయాలన్నారు. బిందె సంగతి చెప్పి, అక్కర్లేదని వాదించాను.

“మీరు చెప్పేది నిజమే కావచ్చు అయ్యగారూ,” అన్నాడు ఒక పెద్ద. “గని ముసల్ది చస్తది. కొడుకు బతికొచ్చి అవ్వేదని అడిగితె, బిందె సూపుతరా?”

నేను ఒప్పుకున్నాను. వాళ్ళ ముందుగదిలో, మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. సంకల్పంలో మనం ఉన్న చోటు చెప్పుకోవడం ఆచారం: మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఉత్తరాన, కృష్ణాగోదావరుల నడుమ. నేను కూర్చున్న చోటు అలా నాలుగు గుర్తులతో తెలుస్తూనే ఉన్నది. ఎవరి కోసం కూర్చున్నానో అతని చోటు చెప్పడానికి ఒక్క గుర్తు లేదు. ముసలామె మొదటి రోజే గంజి తాగింది. నాలుగో రోజుకు లేచి తిరిగింది. ఊళ్ళో నాకు గౌరవం పెరిగింది.

వారం గడిచాక, జపం ముగించి లేస్తుండగా, కోడలు గడపలో అడ్డంగా నిలబడ్డది. అత్త నీళ్ళకు పోయిన వేళ చూసి వచ్చింది.

“అయ్యగారూ, ఒక్క మాట. బిందె ముచ్చట నిజమా?”

“నిజమే బిడ్డా.”

“నిజమైతె గీ జపమెందుకు? ఆయనకు గండం లేదని మీకు ఎరుకైతె, గండం పోవాలని ఎట్ల కూసున్నరు?”

మీ అత్త కోసం అన్నాను. ఆ మాట నిజమే. కాని అది చెబుతున్నప్పుడు, మధ్యలో ఎక్కడో ఒకరోజు నేను కూడా భయంతోనే మాల తిప్పిన సంగతి నాకు గుర్తుకు వచ్చింది. ఓడ మునగడానికి నక్షత్రం మాయం కానక్కరలేదు గదా. ఆమె నా ముఖంలోకి చూస్తూనే ఉన్నది. ఏమి చదివిందో తెలియదు.

“నన్ను మీరు నమ్మియ్యకుంటె బాగుండు,” అన్నది. “అత్తమ్మ తీరు ఏడ్చేదాన్ని. జపం చేయంగ ఊకుండేదాన్ని. ఇప్పుడు మీరు పీట మీద కూసున్నప్పుడల్ల, బిందె అబద్ధమేమో అనిపిస్తది. రోజు అనిపిస్తది.”

మానేస్తే ముసలామె మళ్ళీ పడక ఎక్కుతుంది. కొనసాగిస్తే ఈమె నమ్మకం పోతుంది. మరునాడు వెళ్ళి పీట మీద కూర్చున్నాను. ఆమె ఆ నలభై రోజులూ వెనకగదిలోనే ఉన్నది. రాట్నం చప్పుడు వినబడేది, ఆగేది, మళ్ళీ వినబడేది.

జపం ముగిసిన పదిరోజులకు ముసలామె బడికి వచ్చింది, కొబ్బరికాయా ఒక ధోవతీ పట్టుకుని. కొడుకు ఉత్తరం రాశాడట, బాగున్నాడట. నేను పిల్లలను వదిలిపెట్టి, ఆమె వెంట ఇంటికి నడిచాను. ఉత్తరం నాకెందుకు తేలేదో దారిలో అడిగాను. కోడలు తపాలావాడి చేతనే చదివించుకున్నదట.

ఆమె రాట్నం ముందు ఉన్నది. తల ఎత్తలేదు.

“బిడ్డా, వేళ్ళు ఎన్ని రాసిండు?”

“అత్తమ్మను అడగున్రి అయ్యగారూ. మీ జపం ఎట్ల పనిచేసిందో అత్తమ్మ చెప్తది.”

“నేను అడిగేది నక్షత్రం సంగతి.”

“గా సంగతి మీరు నేను ఒక్కతీరుగ నమ్మినమనుకున్న,” అన్నది.

“ఏందే, అయ్యగారితోని గట్ల మాట్లాడ్తవు!” ముసలామె కసిరింది. “ఆయన కూసుంటనే గదా నీ పుస్తె నిలిచింది! మీరు పట్టుకోకున్రి అయ్యగారూ, పొల్లకు తెలివి లేదు.”

తెలివి ఉన్నది ఆమెకే అనాలి. నిలబెట్టింది నా జపం కాదనాలి. రెండు మాటలూ నాలుక చివరికి వచ్చాయి. ముసలామె నా ముఖంలోకి, నలభై రోజులూ తనకు అన్నం తినిపించిన ఆ నమ్మకంతోనే, కళ్ళార్పకుండా చూస్తున్నది. ఆమె కొడుకు ఇంకా నీళ్ళ మీదనే ఉన్నాడు. యుద్ధం ఇంకా ముగియలేదు.

ముసలామె కొబ్బరికాయా ధోవతీ నా చేతుల్లో పెట్టింది. రాట్నం తిరుగుతూనే ఉన్నది. వాటిని పట్టుకునే ఇంటికి వచ్చాను.