ఒకే నంబరు, రెండు ఇంజిన్లు

1993 జూన్‌లో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నిజామాబాద్‌కు వేశారు. ఫైళ్లలో ఆ హోదాను ఎంవీఐ అని రాస్తారు, జనం మాత్రం బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. నిజానికి బ్రేకులు చూడడం మా పనిలో ఒక ముక్క. లారీలకు, బస్సులకు ఫిట్‌నెస్ ఇవ్వడం, లైసెన్సు పరీక్షలు పెట్టడం, ప్రమాదం జరిగిన బండిని చూసి రిపోర్టు రాయడం కూడా మా పనులే. వారంలో ఒకరోజు బోధన్‌లో క్యాంపు ఉండేది. నేను చెప్పబోయేది ఆ ఏడాది చివర్లో, చెరకు సీజను మొదలైన కొత్తలో, అక్కడి క్యాంపుకు వచ్చిన ఒక పెద్ద బండి సంగతి.

ఆ బండిని ఊళ్లో మిషన్ బండి అనేవారు. ఒకప్పుడు మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన దొర డాక్టరు దేశం విడిచి వెళ్తూ తన కంపౌండరు దానియేలుకు ఇచ్చేసి పోయాడు. మూడు వరుసల సీట్లు, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిను. దానియేలు, ఆయన ఇద్దరు తమ్ముళ్లు, ముగ్గురి భార్యలు, పిల్లలు అందరూ ఆదివారం చర్చికి అందులోనే వెళ్లేవారు. లీటరు పెట్రోలుకు అది నాలుగు కిలోమీటర్లు దాటేది కాదు. దాంతో మూడేళ్లు రేకుల షెడ్డులో పడి ఉంది. చివరికి దానికి డీజిల్ ఇంజిను వేయించి తెచ్చారు.

ఇంధనం మార్చడమంటే చట్టం దృష్టిలో బండి స్వరూపం మార్చడమే. ముందు దరఖాస్తు పెట్టాలి, అనుమతి తీసుకోవాలి, తర్వాత ఇంజిను మార్చాలి, ఆ తర్వాత మాకు చూపించాలి. అప్పుడు రిజిస్ట్రేషన్ పుస్తకంలో కొత్త ఇంజిను నంబరు, డీజిల్ అన్న మాట ఎక్కుతాయి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ముందు బిగించి తర్వాత అనుమతి అడిగేవారు. దానియేలు కూడా అంతే. దాన్ని నేను పెద్ద నేరంగా చూసేవాణ్ని కాదు.

బానెట్ ఎత్తి చూశాను. పని చూసి ముచ్చటేసింది. పెట్రోలు ఇంజిను తిరిగేటప్పుడు పీల్చే గాలి బ్రేకుకు బలాన్నిస్తుంది. డీజిల్ ఇంజినులో ఆ పీల్పు ఉండదు కాబట్టి దానికి వేరే చిన్న పంపు బిగించాలి. చాలామంది మెకానిక్కులు ఆ సంగతే మరిచి, బండిని చావుకు వదిలినట్టు రోడ్డు మీదికి వదులుతారు. ఇక్కడ పంపు ఉంది. డీజిల్ ఇంజిను బరువెక్కువ గనక ముందు స్ప్రింగుల్లో ఒక్కో పట్టీ పెంచారు. నడిపి బ్రేకు తొక్కితే బండి గీత గీసినట్టు ఆగింది. ఎవరు చేశారని అడిగితే దానియేలు పక్కనున్న మనిషిని చూపించాడు. ఖాజామియా, బోధన్‌లో షెడ్డు, యాభై దాటిన వయసు. సలాం చేసి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

తర్వాత పెన్సిల్ ప్రింటు తీశాను. ఇంజిను మీద చెక్కిన నంబరుపై పల్చని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. తేలిన నంబరును పుస్తకంలోని నంబరుతో పోల్చాను. రెండూ ఒక్కటే.

ఒక్కటి కావడమే తప్పు. పుస్తకంలో ఉన్నది మిషన్ దొర కాలం నాటి పెట్రోలు ఇంజిను నంబరు. నా ఎదుట డబడబ కొట్టుకుంటున్నది డీజిల్ ఇంజిను. చూపులో పొరపాటనుకుని ఇంజిను మీద నంబరు చెక్కిన చోటును కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్లీ తీశాను. అదే నంబరు. వేరే బండి పుస్తకం చేతికొచ్చిందేమోనని అట్ట తిప్పి చూశాను. ఆ బండిదే. మూడోసారి ప్రింటు తీస్తుంటే వెనక వరుసలో ఉన్న ట్రాక్టరు డ్రైవరు, “ఏమాయె సార్, ఇంజన్ మాట్లాడుతలేదా?” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

పాత ఇంజిను ఏమైందని దానియేలును అడిగాను.

“భీమ్‌గల్ కాడ మా బామ్మర్ది దగ్గర ఉన్నది సార్. కిరసనాయిల్ మీద పసుపు డ్రమ్ము తిప్పుతున్నది.”

మర్నాడు నేనే వెళ్లి చూశాను. ఎండిన పసుపు కొమ్ములను డ్రమ్ములో పోసి తిప్పితే పై తోలు రాలి మెరుగు వస్తుంది. దానికి అయిదు గుర్రాల మోటారు చాలు. అక్కడ ఆరు సిలిండర్ల ఇంజిను ఆ పని చేస్తోంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటే ఇదే. ఇంజిను నిలువెల్లా పసుపు. నంబరు దగ్గర చేత్తో తుడిచి ప్రింటు తీశాను. అదే నంబరు. తెల్ల కాగితమొకటి, పచ్చ కాగితమొకటి, ఆఫీసుకొచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఒక నంబరుకు ఒక ఇంజిను అన్న లెక్క మీదే మా శాఖంతా నడుస్తోంది. ఆ లెక్క తప్పితే ఏ కాగితం మీద ఏం రాయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

దొంగ బళ్ల విషయంలో నంబరు మార్చడం మామూలే. కాని దొంగలు అసలు నంబరు చెరిపి తప్పుడు నంబరు కొట్టి, బండిని చీకట్లో దాచుకుంటారు. పట్టపగలు క్యాంపుకు తెచ్చి బానెట్ ఎత్తి చూపించరు. పైగా బ్రేకు పంపు విషయంలో అంత శ్రద్ధ పెట్టిన మనిషి ఇంత తెలివితక్కువ మోసం ఎందుకు చేస్తాడు?

తర్వాతి క్యాంపు రోజున ఖాజామియాను పిలిపించి, డీజిల్ ఇంజిను అసలు నంబరు ఏమైందని అడిగాను. ఆయన ఏమాత్రం తడబడలేదు.

“ఆకురాయితోని గీకేసిన సార్. పుస్తకంల ఉన్న నంబర్ కొట్టిన.”

“ఎందుకు?”

ఆయన నా వంక వింతగా చూశాడు. “మీరే గద సార్ చెప్పింది. పుస్తకంల నంబర్, ఇంజన్ మీది నంబర్ ఒక్కటే ఉండాలె, ఫరక్ వస్తే బండి సీజ్ అని. బస్టాండ్ కాడి షెడ్డుల మీటింగ్ పెట్టి మా అందరికి చెప్పిండ్రు. టేబుల్ మీద గుద్ది చెప్పిండ్రు.”

నిజమే, చెప్పాను. ఆగస్టులో బోధన్ మెకానిక్కులందరినీ పిలిచి గంటసేపు మాట్లాడాను. అప్పటికి నేను వచ్చి రెండు నెలలు, నోరు మంచి ఊపు మీద ఉండేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నంబరు ఎందుకు ఒకటే ఉండాలో చెప్పలేదు. ఇంజిను మారితే పుస్తకాన్ని మార్చాలి గాని ఇంజినును కాదని అసలే చెప్పలేదు. అంత మాత్రం తెలియదా అనుకున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ తల ఊపారు. చాయ్ వచ్చింది, తాగి లేచాం.

ఇక చిక్కేమిటంటే, ఇంజిను నంబరు గీకితే అది పోలీసుల వ్యవహారం. అసలు నంబరు దొరకకపోతే ఇంజిను దొంగదనే అనుకుంటారు. బండి ఏమవుతుందన్నది తర్వాతి మాట, ముందు ఖాజామియా స్టేషను మెట్లెక్కాలి. నేను రిపోర్టులో వాడే ఒక్క మాట మీద ఆయన షెడ్డు ఉంటుందో మూతపడుతుందో తేలుతుంది.

ఇంజిను కొన్న రసీదు ఉందా అంటే దానియేలు తెచ్చాడు. మహారాష్ట్రలోని దెగ్లూర్‌లో ఒక తుక్కు వ్యాపారి దగ్గర, ప్రమాదంలో నలిగిన వ్యాను నుంచి తీసినదట. రసీదు మరాఠీలో ఉంది, అంకెలు కూడా మరాఠీవే. దానియేలు చదివి చెప్పాడు. కాని అదే నంబరు ఈ ఇంజిను మీద ఉండేదనడానికి సాక్ష్యమేది? ఖాజామియా, “గోడ సూస్తరా సార్?” అన్నాడు.

ఆయన షెడ్డులో వెనక గోడంతా బొగ్గుతో రాసిన నంబర్లు. విప్పిన ప్రతి ఇంజిను నంబరూ విప్పిన రోజే గోడకెక్కించడం ఆయనకు ఉస్తాదు నేర్పిన అలవాటు. అన్నీ ఉర్దూ అంకెలు. సాక్ష్యం కదా అని ఆయనతో కాక పక్కవాళ్లతో చదివించుకుని రాసుకున్నాను. పుస్తకం అంకెలు ఒక రకం, రసీదువి ఇంకో రకం, గోడవి మరో రకం. మూడింటి మధ్య గంటసేపు ఈదాను. రసీదులోని నంబరు గోడ మీద ఉంది, ఒక్క అంకె కూడా తేడా లేదు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. అయినా నంబరు గీకడం గీకడమే. దురుద్దేశం లేదని రుజువు కావాలంటే ఆయన అలా ఎందుకు చేశాడో రాయాలి. అది రాయాలంటే నా మీటింగు సంగతి రాయాలి. మా పై అధికారి, ఆర్టీవో, ఫైలు చూసి నా మేలు కోరే సలహా ఇచ్చారు. నా పేరు ప్రమోషను జాబితాలో ఉందని, మెకానిక్కు అజ్ఞానం వల్ల చేశాడని రాసి ఊరుకోమని అన్నారు. అజ్ఞానం అన్నది ఎంత మంచి మాటో అప్పుడే తెలిసింది. అది వాడితే ఎవరి అజ్ఞానమో చెప్పనక్కర్లేదు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. నిజం రాయాలనిపించేది. మరుక్షణం, తప్పు నెత్తినేసుకుని మంచివాణ్ని అనిపించుకోవాలని చూస్తున్నానేమో అనిపించేది. ఏది నిజాయితీయో, ఏది డాంబికమో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను.

మూడో రోజు ఖాజామియా నిజామాబాద్ ఆఫీసుకు వచ్చాడు. నంబర్లు కొట్టే పంచుల సెట్టు, సున్నా నుంచి తొమ్మిది దాకా, గుడ్డలో మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“ఇవ్వి మీ దగ్గరనే ఉంచుకోండ్రి సార్. చెప్పింది జేస్తే తప్పాయె, జెయ్యకుంటె తప్పాయె. ఇంక ఏది కొట్టాల్నో మీరే కొట్టుండ్రి.”

కోపంగా అనలేదు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. ఆయన వెళ్లాక రిపోర్టు రాశాను. ఆగస్టు మీటింగులో నేనన్న మాటలు అన్నట్టే రాశాను. అసంపూర్తి సూచన అని రాసి, ఆ సూచన ఇచ్చిన అధికారి హోదా, పేరు కింద వేశాను.

పోలీసులు గోడను, రసీదును చూశారు, దెగ్లూర్‌కు ఉత్తరం రాశారు. ఇంజిను దొంగది కాదని జవాబు వచ్చింది. ఖాజామియాపై కేసు పెట్టలేదు. నాకు మెమో వచ్చింది. ప్రమోషను జాబితా నన్ను దాటి వెళ్లింది, రెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చింది.

నంబరు చెడిపోయిన ఇంజినుకు శాఖే కొత్త నంబరు ఇస్తుంది. దాన్ని ఇన్‌స్పెక్టరు ఎదుట కొట్టించాలి. ఆ పనికి ఖాజామియానే పిలిచి ఆయన పంచులు ఆయనకిచ్చాను. ఇంజిన్లు విప్పి బిగించడంలో ముప్పయ్యేళ్లు గడిపిన మనిషి. మొదటి పంచు పెట్టి, సుత్తి ఎత్తి, నా వైపు చూసి, “కొట్టాల్నా సార్?” అన్నాడు. కొట్టమన్నాను. రెండో అంకెకు మళ్లీ ఆగి అడిగాడు. ఏడు అంకెలకు ఏడుసార్లు అడిగాడు, ఏడుసార్లూ చెప్పాను. దానియేలు కుటుంబం బండి చుట్టూ నిలబడి చూస్తోంది. నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఉద్యోగం చేశాను. నిబంధన చెప్పినప్పుడల్లా, విన్న మనిషిని “అయితే ఇప్పుడేం జేస్తవు?” అని అడగడం అలవాటు చేసుకున్నాను. వాళ్లు చెప్పే జవాబు విన్నాక చాలాసార్లు నేను చెప్పినదాన్నే మళ్లీ సరిచేసి చెప్పవలసి వచ్చేది.