ఒక్క మాట వేషం

వీడి నోట్లో నువ్వుగింజ నానదని మా ఊళ్లో నాకు పేరు. ఖతర్ వచ్చి డ్రైవర్‌గా చేరాక కూడా ఆ గుణం పోలేదు. బండెక్కిన ప్రతివాడితో మాట్లాడతాను. అలాంటి నేను ఒక పొద్దున అరగంట సేపు ఒక్క మాట దాచుకుని బండి నడిపాను.

దేశానికి పడమటి కొసన, దుఖాన్ దగ్గర ఎడారిలో ఒక ఫ్రెంచి సినిమా తీస్తుంటే బండ్లు మా కంపెనీవే. అబూ హమూర్‌లో బస దిగిన ఒక పాతికేళ్ల ఫ్రెంచి నటుణ్ని రోజూ తీసుకుపోయి తీసుకురావడం నా డ్యూటీ. మొదటిరోజు హీరో అనుకుని వెనక తలుపు తెరిచి పట్టుకున్నాను. అతను వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. అతని ఇంగ్లీషూ అంతంతే, నాదీ అంతంతే, అందుకే ఒకరి మాట ఒకరికి బాగానే అందేది. నేను తమ్మీ అనేవాణ్ని, అతను భాయ్ అనేవాడు.

అప్పటికి మూడు సినిమాల్లో వేశాడట. మొదటిదాంట్లో శవం. దుప్పటి కప్పి పాదాలు మాత్రం చూపించారు. రెండోదాంట్లో హోటల్ సర్వరు, వీపు కనపడింది. మూడోదాంట్లో పోలీసు, మొహం కనపడేలోపు తలుపు మూసేశారు. వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. సినిమా వచ్చినప్పుడల్లా డిపోలో వాళ్లందర్నీ వెంటేసుకుని పోయి, "అవిగో, ఆ పాదాలు మావాడివే" అని చూపించేవాడట. పగలబడి నవ్వాను. నేనేం తక్కువ తిన్నానా? మా ఊరి చిరుతల భాగోతంలో మూడేళ్లు కోతివేషం కట్టాను. మూతికి కట్టిన అట్టముక్క వెనక ఉన్నది నేనని మా అమ్మే పోల్చుకోలేదు.

"ఈసారి మొహం ఉంది, మాట కూడా ఉంది. ఇదీ పోతే నాన్నలాగే బస్సు నడుపుతానని మాటిచ్చి వచ్చాను" అన్నాడు.

ఉన్నది ఒక్క మాటే. ఎడారిలో పడిపోయిన మనిషిని చూసి ముసలి ఇంజనీరు "ఇక లాభం లేదు, పదండి" అంటాడు. అందరూ వదిలేసి పోతుంటే ఇతను పరుగున వచ్చి "ఆగండి! వాడింకా బతికే ఉన్నాడు!" అనాలి. బండిలో ఆ ముసలాయన వేషం నాది. ఆ ఫ్రెంచి ముక్కను తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టాను. రానూపోనూ అదే పని. సెట్లో మాత్రం రోజూ "రేపు" అనేవాళ్లు. మూడు వారాలు వేషం కట్టుకుని, కుర్చీలో కూర్చుని, ఎండకు ఎండి నా బండెక్కేవాడు. నాకు ఒళ్లు మండేది. మండితే మాత్రం నన్నెవడు అడిగాడు?

ఆ రోజు పొద్దున పెట్టెతో సహా కిందికి దిగాడు. ఇకనుంచి బస దుఖాన్‌లోనే అని ఆఫీసువాళ్లు చెప్పారట. "అంటే ఇవాళ నా సీనే!" అని నా భుజం చరిచాడు. బండి కదిలిందో లేదో ఫోన్ మోగింది. మా సూపర్‌వైజరు, కృష్ణా జిల్లా ఆయన. స్టీరింగ్ వదల్లేక స్పీకర్లో పెట్టాను.

"ఏమయ్యా, ఆ అబ్బాయి ఎక్కాడా? పక్కనున్నా పర్లేదులే, తెలుగు రాదుగా. అతని సీను తీసేశారు. దుఖాన్ వద్దు, తిన్నగా ఎయిర్‌పోర్టుకి తీసుకొచ్చెయ్. టికెట్ పట్టుకుని నేనక్కడే ఉంటా. దారిలో మాత్రం నోరు విప్పకు."

"పాపం సార్, ఒక్క మాట జెప్తే..."

"కిందటేడు సంగతి మళ్ళీ గుర్తుచెయ్యాలా నీకు?"

అక్కర్లేదు. ఇక్కడ మనుషుల్ని ఇంటికి పంపే పద్ధతే అది. ఎయిర్‌పోర్టు దాకా వచ్చాక గాని చెప్పరు. కిందటేడు ఒక మేస్త్రీని కూడా సైటు మారుస్తున్నామని చెప్పి నా బండెక్కించారు. నా నోరు ఊరుకుంటుందా, దారిలో చెప్పేశాను. అతను సిగ్నల్ దగ్గర దిగి రోడ్డుమీద కూలబడి ఏడ్చాడు. ఎలాగూ పంపేశారు. నన్ను నెలన్నర డ్యూటీ లేకుండా క్యాంప్‌లో కూర్చోబెట్టి, ఇంకోసారి చేస్తే నువ్వూ అదే విమానం ఎక్కుతావన్నారు.

"సరే సార్" అన్నాను.

"ఏమంటున్నాడు?" అని అడిగాడు తమ్మి. తన గురించిన ముక్క ముక్కా పక్కనే కూర్చుని విన్నాడు, నవ్వుతూ అడిగాడు.

"ట్రాఫిక్ ఉన్నదంట."

"అయితే మొదలుపెట్టు, భాయ్."

ఏం చెయ్యను? "ఇక లాభం లేదు, పదండి" అన్నాను. "ఆగండి! వాడింకా బతికే ఉన్నాడు!" అన్నాడు. అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. మళ్లీ అన్నాను, మళ్లీ చెప్పాడు.

దుఖాన్ పోయేటప్పుడు పొద్దుటి ఎండ ఎప్పుడూ మా వీపున ఉండేది. ఆ రోజు అల్ తుమామా దగ్గర అది సూటిగా అతని మొహాన కొట్టింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు చూశాడు. పైన బోర్డుమీద విమానం బొమ్మ ఉంది. నోట్లో మాట సగంలో ఆగిపోయింది.

"భాయ్, ఎటు పోతున్నాం?"

"నాకు సుత తెల్వది తమ్మీ. ఇటు రమ్మన్నరు, వస్తున్న."

ఛీ, నా నోరు పడిపోను! అతను నమ్మాడు. పైగా నా భుజంమీద చెయ్యి వేసి మెల్లగా తట్టాడు. దిగేముందు "నాన్న డిపోలో అందరికీ చెప్పేశాడు" అన్నాడు, అంతే. సూపర్‌వైజరు వచ్చి పెట్టె దించాడు. వెనక హారన్లు, "యల్లా, యల్లా" అని కదలమంటూ పోలీసు కేకలు. బండి తీశాను.

దేవుడి దయ, అతను బస్సు నడపలేదు. ఇప్పుడు పెద్ద నటుడు. క్యాంప్‌లో సెలవు రోజున ఫోన్లో వెతికి అతని మొదటి సినిమాలన్నీ చూశాను. పాదాలు చూశాను, వీపు చూశాను, మూసుకునే తలుపు చూశాను. దుఖాన్ సినిమా కూడా చివరిదాకా చూశాను. అందులో పడిపోయిన మనిషిని అందరూ వదిలేసి పోతారు. ఆగమని ఎవరూ అనరు.

మొన్న ఒక ఇంటర్వ్యూలో తొలి వేషాల గురించి అడిగారు. పాదాల సంగతి చెప్పి అందర్నీ నవ్వించాడు, తర్వాత ఖతర్ సంగతి ఎత్తాడు. కింద ఇంగ్లీషులో వస్తుంటే కూడబలుక్కుని చదివాను. "అక్కడ నాకు అబద్ధం చెప్పనివాడు ఒక్కడే, నా డ్రైవరు. పాపం, అతనికీ ఏం తెలియదు" అన్నాడు.

ఫోన్ ఆపేశాను. ఇప్పుడు ఎవరికి చెప్పను, ఏమని చెప్పను? నువ్వుగింజ నానని నోరు నాది. ఆ ఒక్క మాట ఇంకా అందులోనే ఉంది.