రాళ్ల మిద్దె, నా మరిది

"ద్వారం రాయి మీద చెయ్యి పెడితే మంచిగుండది, చెప్తున్న" అన్నాను.

"నీ అయ్య కట్టిండా వదినె?" అన్నాడు నా మరిది. "ట్రాక్టర్ లోపలికి పోవాలె. రేపు పొద్దుగాల జేసీబీ వస్తది. నీ గంపలు, కట్టెలు పక్కకు జరుపుకో."

"మరి మీ అయ్య కట్టిండా?"

"మా అయ్య తాళమేసిండు. ఆయన పోయినంక నేనేస్తున్న. ఇన్నేండ్లల్ల ఎవడన్న అడిగిండా?"

"అడుగుతరు."

"ఎవరు, నువ్వా? రెండో తరగతి సదివి కలెక్టర్ వైనవా?"

నవ్వుకుంటూ బండెక్కి పోయాడు. నేను పసుపు కొమ్ములు తిరగేస్తూ కూర్చున్నాను.

మా ఊరు బోధన్ నుంచి రెంజల్ వైపు వెళ్లే దారిలో ఉంటుంది. రాళ్ల మిద్దె ఊరి మొదట్లోనే. రాయి మీద రాయి పేర్చి కట్టారు, పైకప్పు కూడా బండలే. ఎవరు కట్టారో ఊళ్లో ఎవరికీ తెలియదు. కాకతీయుల నాటిదని కొందరు, ఇంకా ముందుదని కొందరు అంటారు. నేను విన్నదీ చూసిందీ మాత్రం చెబుతాను. నైజాం కాలంలో రైతుల దగ్గర సర్కారు వసూలు చేసే లెవీ ధాన్యం అందులో పోసేవారట. తలుపు, గొళ్లెం అప్పుడు పెట్టినవే. తరువాత అది బడి అయింది. నాకు పుట్టిందీ మెట్టిందీ ఒక్క ఊరే కాబట్టి ఆ బడిలోనే రెండేళ్లు చదివాను. లోపల జాగా చాలక చిన్న తరగతులను బయటి బండల అరుగు మీద కూర్చోబెట్టేవారు. నేను ద్వారం పక్క రాయికి వీపు ఆనించి కూర్చునేదాన్ని. ఆ రాయి నిండా అక్షరాలు చెక్కి ఉండేవి. పంతులు నేర్పిన అక్షరాలు కావవి, ఆయనకూ చదవరాలేదు. మూడో తరగతికి కొత్త పుస్తకాలు కొనాలనేసరికి మా బాపు నన్ను మాన్పించాడు.

బడి వేరే చోటికి పోయాక మా మామ తన చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీలను అందులో దించేవాడు. వాళ్ల పొయ్యిల మసి ఇప్పటికీ పై బండలకు ఉంది. వాళ్లు వెళ్లిపోగానే తాళం వేసేవాడు. అట్లా ఆ మిద్దె మాది అయిపోయింది. ప్రతి దసరాకు గోడలకు సున్నం వేసే పని కోడలినైన నాది. ఆ అక్షరాల మీద కూడా నేనే వేశాను. ఏటేటా పూత మీద పూత పడి చివరికి రాయి నున్నగా అయింది. శుభ్రంగా ఉందని మా అత్త మెచ్చుకుంది కూడా.

మా ఆయన పోయాక మరిదితో వేరుపడ్డాం. చెరుకు పోయి పసుపు వచ్చింది. తాళంచెవి మరిది దగ్గర ఉండిపోయింది, బయటి అరుగు నాకు మిగిలింది. రాయి మీద ఎండిన పసుపుకు మట్టి అంటదు, అందుకని ఏటా అక్కడే ఎండబోసేదాన్ని. తొమ్మిదేళ్ల కింద అట్లాగే పంటంతా ఉడకబెట్టి పోశాను. నాలుగో రోజు మొగులైంది, వాన వచ్చేటట్టుంది. తాళంచెవి కోసం మరిది ఇంటికి ఉరికాను. అన్నం తింటున్నాడు. లోపల యూరియా బస్తాలున్నాయి, జాగా లేదన్నాడు. సగం ఖాళీ అని నాకు తెలుసు. పళ్లెం ముందు నుంచి లేవనైనా లేవలేదు. పసుపంతా తడిసి నల్లబడింది. నిజామాబాద్ మార్కెట్‌లో వ్యాపారి ఒక కొమ్ము విరిచి చూసి, కింద పడేసి పక్క కుప్ప దగ్గరికి పోయాడు.

నేను మరిదిని ఒక్క మాట అనలేదు. తిడితే కోపం తీరిపోతుంది. నాకు తీరడం ఇష్టం లేదు.

పోయిన నెల, అతను ద్వారం పగలగొట్టి పెద్దది చేయబోతున్నాడని తెలిసింది. ఇన్నేళ్లకు నాకు దొరికాడని సంతోషమైంది. అతను, మా తోడికోడలు వేల్పూర్‌లో పెళ్లికి పోయిన రోజు, రాగి బిందెలు తోమడానికి దాచుకున్న పాత చింతపండు నానబెట్టాను. ఆ పులుసులో గోనెపట్ట ముంచి రాయికి కట్టాను. మధ్యాహ్నానికి సున్నం మెత్తబడింది. కొబ్బరిపీచుతో రుద్దితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అక్షరాలు నేను చిన్నప్పుడు చూసినట్టే ఉన్నాయి. మా ఆయన పాత ధోతి చింపి, తడిపి, వాటి మీద అదిమాను. కొమ్ములకు మెరుగు పట్టేటప్పుడు రాలే పొడిని నేను పారేయను. దాన్ని మూటగట్టి అద్దితే బట్ట పచ్చబడి, అక్షరాలు తెల్లగా మిగిలాయి. తరువాత కందికట్టె మోపులు పేర్చి రాయిని కప్పేశాను.

మరునాడు ఆధార్ కార్డు చూపించి బస్సులో నిజామాబాద్ పోయాను, ఆడవాళ్లను టికెట్ పైసలు అడగరు. పాత కట్టడాలు చూసే ఆఫీసు ఎక్కడని నలుగురిని అడిగాను. అక్కడి సారు బట్టను కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చదివాడు. దారిన పోయేవాళ్లు దిగడానికి, తినడానికి ఒక ఆడమనిషి ఆ మిద్దె కట్టించి, భూమి కూడా ఇచ్చిందట. దాన్ని చెరిపినవాళ్లు పేడలో పురుగులై పుడతారని చివర రాసి ఉందట. ఆ ఒక్క మాట మళ్లీ చదవమన్నాను. సున్నం వేసినవాళ్ల సంగతి అడగలేదు. ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టి, సారు ఫోన్ నంబరు తెచ్చుకున్నాను.

మరిది బండెక్కి పోయిన ఆ సాయంత్రం ఆ నంబరుకు ఫోన్ చేసి, జేసీబీ రేపే వస్తుందని చెప్పాను.

పొద్దున జేసీబీ వచ్చింది. అది ద్వారం ముందుకు తిరిగేలోపే జీపు కూడా వచ్చింది. సారు దిగి, బండి బంద్ చేయమన్నాడు. కందికట్టె తీయించి రాయి చూశాడు, టేపుతో కొలిచాడు. తాతల నాటి నుంచి తమదేనని మరిది అంటే కాగితం చూపమన్నాడు. కాగితం ఎక్కడిది? మధ్యాహ్నంలోపు ఖాళీ చేయాలన్నాడు. మరిది, తోడికోడలు బస్తాలు మోశారు. నేను అరుగు మీద కూర్చుని చూశాను. మోస్తూ మోస్తూ మరిది నా దగ్గర ఆగాడు.

"గిది నాకు ముందుగాల ఒక్క మాట చెప్తే ఐపోవు గద వదినె."

"మొగులైననాడు నీ ఇంటికొచ్చి చెప్పిన" అన్నాను.

అతను బస్తా భుజం మీదికి జరుపుకుని పోయాడు. లోపల ఖాళీ అయ్యాక సారు నా దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, అరుగు కూడా మిద్దెలోదే. నీ పసుపు కూడా తీసెయ్యాలి."

సరే అన్నాను. ఒక్కో గంప నెత్తికెత్తుకుని ఇంటికి మోశాను. మా వాకిలి మట్టినేల. పాత చీరలు పరిచి, వాటి మీద పోశాను.