మిషను ‘సెయ్యి’ అనదు

నేను పనిచేసే రేణిగుంట గోడౌన్లో కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటే మిగతావాళ్లు బిల్లులు ఏమయ్యాయోనని కంగారుపడతారు. నేను ఆట పోయిందేమోనని ఉలిక్కిపడతాను. నాకు చదువు అబ్బలేదని మా నాయన ఊరంతా చెప్పుకునేవాడు. అది అన్యాయం. తొమ్మిదో తరగతి దాకా నేనూ చదువూ కలిసే నడిచాం. అక్కణ్ణించి అది పైకి పోయింది, నేను షమీమక్క నెట్ సెంటర్‌కి పోయాను.

తిరుపతి బస్టాండు వెనక సందులో ప్లైవుడ్ అరలు కట్టించి, షమీమక్క ఆ సెంటరును ఒంటిచేత్తో నడిపేది. బుగ్గన వక్కపొడి, చెవులు మాత్రం మా మీద. కీబోర్డు చప్పుడు విని, ఎవరు ఉద్యోగానికి అర్జీ పెడుతున్నారో, ఎవరు ప్రేమలో పడ్డారో కూర్చున్నచోటి నుంచే చెప్పేది. నేను కర్రతో బంతుల్ని గుంటల్లోకి కొట్టే ఆట కంప్యూటరుతో ఆడేవాణ్ణి. ప్రతిసారీ నేనే గెలిచేవాణ్ణి. ఇంట్లో గానీ వీధిలో గానీ నేను ముందుండే చోటు ఇంకొకటి లేదు.

“మనుషులతో ఆడు అబ్బయా. నెట్‌లో ఎంతమంది ఉండారో సూడు,” అనేది అక్క.

“మనుషులని ఎవురు సూసినారక్కా? పేరు మార్చుకోని కంప్యూటరే కూసోనుంటాది. లేదంటే పక్క అరలో మీ తమ్ముడు.”

“మా తమ్ముడు చిత్తూరులో పంచర్లు ఏస్తుండాడు. నీకాడికొచ్చి ఓడిపోయే తీరిక వాడికి లేదు. అయినా నువ్వు గెలిచే ఆట మీద ‘ఈజీ’ అని రాసిండాది, సదవలేదా?”

“సదివుంటే ఈడెందుకుంటానక్కా?”

నవ్వింది గానీ వదల్లేదు. ఒకరోజు తనే మౌసు లాక్కుని నన్ను నెట్ ఆటలోకి తోసింది. అవతల ఎవడో, పేరు నిండా అంకెలే. వాడు కుదురుగా కొట్టేకొద్దీ నా అనుమానం ముదిరింది. మనిషైతే ఒక్కసారైనా తడబడడా? పక్క అరల్లోకి తొంగి చూశాను. ఒకటి ఖాళీ, ఇంకోదాంట్లో ఒక పెద్దాయన రైలు టికెట్టు కోసం తంటాలు పడుతున్నాడు.

అంతలో అవతలివాడి బంతి గుంట అంచున ఆగిపోయింది. మాటలు రాసే గడిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు పడింది: “సీ, సెయ్యి జారిందబ్బా.”

మిషనుకు తెలుగు నేర్పితే ‘చెయ్యి’ అంటుంది. ‘సెయ్యి’ అనాలంటే చిత్తూరు పక్క పుట్టాలి. “యాడబ్బా మీది?” అని కొట్టాను. “బంగారుపాళ్యం,” అన్నాడు. ఆ సంబరంలో నా వంతు నేను గాలికి కొట్టాను. వాడు మిగిలిన బంతులన్నీ ఊడ్చేశాడు.

ఇప్పటికీ తెర మీద కనిపించే ఏ పేరునూ నేను వెంటనే నమ్మను. నాలుగు మాటలు రాబట్టి, ఎక్కడో ఒకచోట నాలుక జారేదాకా కాచుకుంటాను. జారితే మాత్రం స్నేహం చేస్తాను. ఓడిపోవడానికి కూడా ఒప్పుకుంటాను. ఆ పాఠం నేను నేర్చింది ఆరోజు కాదు, తర్వాతెప్పుడో. ఆరోజు మాత్రం మొహం ముడుచుకుని కౌంటరు దగ్గరికి వెళ్లి నిష్ఠూరమాడాను.

“కంప్యూటరు మీద రోజూ గెలుస్తా ఉంటినక్కా. నీ మాట ఇని పరువు పోగొట్టుకుంటి.”

అక్క వక్కపొడి ఇంకో బుగ్గకు మార్చుకుంది.

“ఇన్నాళ్లూ నువ్వు గెలిస్తే కంప్యూటరు ఏడ్సిందా అబ్బయా? ఈపొద్దు నువ్వు ఓడినావు, బంగారుపాళ్యంలో ఒకడు రెండు ముద్దలు ఎక్కువ తింటాడు.”